నిండు పడవ లెక్క

ముత్తుకూరు లాకు,
24 జూన్ 1961, శనివారము.

చిరంజీవి క్రీస్తుదాసుకు,

నీ తండ్రి యెహోషువ దీవించి వ్రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ, చెల్లెలు కరుణాకుమారి దేవుని దయవలన క్షేమముగా ఉన్నాము. ఖరగపూరులో నీవు కూడా అట్లే ఉన్నావని తలుస్తాను. నీవు రైల్వే పనికి పోయిననాటినుండి ప్రతి జాబులోను ఈ క్షేమము అన్న మాటను చేయి అలవాటుగా వ్రాస్తూ వచ్చినాను. ఈసారి కలము ఆపి, అది నిజమా కాదా అని చూచుకొని వ్రాసినాను. ఒంటికి సంబంధించినంతవరకు నిజమే.

నీ జాబు పదిహేడవ తేదీన అందినది. అందులో నాలుగు సంగతులు అడిగినావు. మూడింటికి జవాబు అదేరోజు వ్రాయగలిగేవాడిని. నాలుగవదానివల్లనే వారము దినములు ఆలస్యమైనది.

మొదటిది. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గినది. జిల్లేడాకు వెచ్చచేసి కట్టుకొన్నది. నేను ఆసుపత్రినుండి తెచ్చిన మందు సీసాను మాత్రము గూటిలో భద్రముగా పెట్టి, ఇంటికి వచ్చినవారికి చూపుతున్నది. ఆదివారము మూడు మైళ్ళు నడచి ఆరాధనకు పోయి వస్తున్నది గనుక నొప్పి తగ్గినదనే అనుకొనవలెను.

రెండవది. పడవలు తగ్గిన మాట వాస్తవము. వంటచెరకుగా పోయే సర్వి కట్టెలు ఇప్పుడు లారీలమీద మదరాసు పోతున్నవి. నీవు ఇక్కడ ఉన్న రోజులలో దినమునకు ముప్పై పడవలు దాటేవి. ఇప్పుడు పన్నెండు దాటితే ఎక్కువ. అయినను లాకు ఎత్తివేస్తారన్న పుకారు నమ్మవద్దు. నా ఉద్యోగమునకు ఇప్పట్లో భయము లేదు.

మూడవది. నీవు చెల్లెలికి పంపిన కంపాసు పెట్టె ఏప్రిలులోనే చెక్కుచెదరకుండా అందినది. కొన్నాళ్ళు నేలమీద, తలుపులమీద, మీ అమ్మ పిండి కలిపే పీటమీద కూడా వృత్తములే. "ఇంక దోసె గూడా ముల్లు గుచ్చి, గీత గీసి, ఆ గీతలోనే పోయమంటాది ఈ బిడ్డ" అని మీ అమ్మ నవ్వినది.

ఇక నాలుగవది. "చెల్లెలికి నెల్లూరు బాలికల పాఠశాలలో సీటు వచ్చినదా లేదా? మే నెలలో పరీక్ష అన్నారు. జూన్ సగమైనా ఒక్క ముక్క వ్రాయరేమి? అసలు ఆ పాపను మూడేండ్లు ఇంట్లో కూర్చుండబెట్టి మీరే ఎందుకు చదివించినారు?" అని వ్రాసినావు. చివరి వాక్యము కింద గీత గీచినావు. ఆ గీత నాకు కనబడినది.

ఆ గీత గీచిన ప్రశ్నకే ముందు జవాబు చెప్పెదను. కరుణ ఊరి బడిలో చేరిన ఏడాదికే అయిదవ తరగతి పుస్తకములన్నీ అప్పజెప్పినది. ఆ బడిలో ఉపాధ్యాయుడు సంజీవరావు గారు ఒక్కరే. మంచివాడు. ఒక సాయంకాలము ఆయన మన ఇంటికి నడచి వచ్చి, అరుగుమీద కూర్చుండి, మంచినీళ్ళు తాగి, తల వంచుకొని చెప్పినాడు.

"యెహోషువ గారూ, ఈ బిడ్డకు చెప్పేదానికి నా దగ్గిర ఏమీ మిగల్లేదు. మిగతా పిల్లకాయల్ని అడిగితే ఈమే ముందు చెప్పేస్తుండాది. వాళ్ళు నోరు తెరవడం మానేసినారు. పెద్ద బడికి వయసు చాలదు. రెండు మూడేండ్లు ఇంట్లో పెట్టుకొని మీరే చెప్పండి. మీరు చదువుకున్నోళ్ళే గదా."

ఆ చివరి మాట నన్ను పట్టుకొన్నది. నీకు తెలియనిది కాదు. పంతొమ్మిదవ ఏట ఈ లాకుమీద లస్కరుగా చేరి, పగలంతా తూముల చక్రము తిప్పి, సాయంత్రము ముత్తుకూరు మిషను ఆవరణలోని రాత్రి బడికి నడచి పోయి, అయిదేండ్లు చదివి, ఇరవై ఏడవ ఏట ఎనిమిదవ తరగతి పరీక్ష ప్యాసైనాను. ఆ కాగితము వల్లనే లస్కరుగా చేరినవాడిని లాకు సూపరింటెండెంటునైనాను. ఇటువంటివాడి బిడ్డకు చదువు చెప్పుటకు మరొకరు ఎందుకని అనుకొన్నాను. దానిలో తప్పు ఉన్నదని ఇప్పుడు కూడా అనను.

లాకు పాత తలుపు చెక్క ఒకటి కోయించి, తారు పూసి, నల్లబల్ల చేసినాను. ఉదయము ఆరు గంటలకు లాకు గంట కొట్టగానే పాప పలకతో వచ్చి నిలుచుండవలెను. మొదట బైబిలు వాక్యము, తరువాత లెక్కలు, పడవల రద్దీ తగ్గిన తరువాత ఇంగ్లీషు. భూగోళము పడవలనుబట్టి చెప్పినాను. ఏ పడవ ఏ ఊరినుండి ఏ సరకు తెచ్చినదో అడిగి తెలుసుకొని పటములో గుర్తు పెట్టవలెను. దక్షిణపు పడవలమీద వ్రాసిన పేర్లు చూచి అరవ అక్షరములు తనంతట తానే నేర్చుకొన్నది. సముద్రపు పోటు ఏనాడు ఏ వేళకు కాలువలోనికి ఎక్కుతుందో బొగ్గుతో గోడమీద గుర్తులు పెట్టి పెట్టి, తొమ్మిదవ ఏట ముందుగానే చెప్పసాగినది. పడవ నడిపే సరంగు పోలేరయ్య తిథులనుబట్టి పోటు లెక్కపెట్టుకొనే మనిషి. అతడు కూడా "పాపా, రేపు నీళ్ళెప్పుడు ఎక్కుతాయి?" అని అడిగి పోయేవాడు.

నా రాత్రి బడి అంకగణితము ఎనిమిది నెలలలో అయిపోయినది. నీ పాత బీజగణితము తీసినాను. దానిలో ఆమెకంటె ఒక పుట ముందుండుటకు నేను రోజూ గంట ముందు లేచి చదివేవాడిని. పోయిన క్రిస్మసు నాటికి ఒక పుట వెనుకబడినాను. అప్పుడే ఆమెను వదలవలసినది. వదలలేదు.

ఇప్పుడు పడవ సంగతి. ఇది నీకు తెలిసిన పనియే అయినను, ఎక్కడ తప్పినానో నీకు స్పష్టముగా కనబడవలెనని మొదటినుండి వ్రాస్తున్నాను. దిగువనుండి వచ్చిన పడవ లాకు తొట్టిలోనికి వస్తుంది. వెనుక తలుపులు మూసి, ముందు తూములు ఎత్తుతాము. ఎగువ కాలువ నీరు తొట్టిలో నిండుతుంది, దానితోపాటు పడవ పైకి లేస్తుంది. నిండు పడవ లోతుగా మునిగి ఎక్కువ చోటు తీసుకొంటుంది గనుక, తొట్టి నిండుటకు దానికి నీరు తక్కువ పట్టునని నేను పరీక్ష ప్యాసైన ఏడాదిలోనే నిశ్చయించినాను. కుండలో రాయి వేస్తే నీరు పైకి వస్తుంది గదా, ఆ న్యాయము. అప్పటి ఓవర్సియరు గారికి చెప్పగా ఆయన భేష్ అన్నారు. అంతకుముందు ఏ పెద్ద మనిషీ నన్ను ఆ మాట అనలేదు. లాకు కచ్చేరి గోడమీద నా చేతితోనే తెల్ల రంగుతో వ్రాసినాను: నిండు పడవకు నీరు తక్కువ. ఆ ప్రకారము నిండు పడవ వస్తే ఒక తూము, ఖాళీ పడవ వస్తే రెండు తూములు ఎత్తించినాను. నిండు పడవకు ఎక్కువ సేపు పట్టినప్పుడు, ఎత్తినది ఒక తూమే గదా అని సరిపెట్టుకొన్నాను. ఇరవై ఏండ్లు అట్లే జరిగినది.

మొన్న జనవరిలో కరుణకు ఇదే పాఠము చెప్పినాను. పాప గోడమీది అక్షరముల వంక చాలాసేపు చూచి, "కాదేమో నాయనా" అన్నది.

"ఎందుకు కాదు?" అన్నాను.

"రాయి మునిగిపోతుంది. పడవ తేలతా ఉండాది గదా. ముందే ఎంత మునిగిందో అంతే మునిగి, నీళ్ళతోపాటు అదీ పైకొస్తుంది. కొత్తగా చోటేమీ తీసుకోదు. నిండు పడవకైనా ఖాళీ పడవకైనా నీళ్ళు ఒకటే పడతాయి."

గట్టుమీద ఇద్దరు లస్కర్లు, పోలేరయ్య ఉన్నారు. పోలేరయ్య నవ్వినాడు. నా మీద నవ్వినాడో, పాప తెలివికి మురిసి నవ్వినాడో ఇప్పటికీ తెలియదు. నేను పాపను పలక తెమ్మని, నిండు పడవకు నీరు తక్కువ అని యాభైసార్లు వ్రాయించినాను. యాభైసార్లూ ముత్యములవంటి అక్షరములతో వ్రాసి చూపినది. ఏడువలేదు. మరుసటి రోజునుండి నేను చెప్పినదానికి "అవును నాయనా" అనసాగినది. మూడేండ్లలో అంత సులువుగా సాగిన పాఠములు లేవు. నాకు అదే భయము కలిగించవలసినది. నేను క్రమశిక్షణ అనుకొన్నాను.

ఫిబ్రవరిలో ఒకనాడు పోలేరయ్య పడవలు రెండు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. ముందుది సున్నపు గుల్లతో నిండినది, వెనుకది ఖాళీ. పాపను వాళ్ళ అమ్మకు సాయము పొమ్మని పంపివేసి, రెండింటికీ ఒక్కొక్క తూమే ఎత్తించి, కచ్చేరి గడియారము చేతిలో పెట్టుకొని నిలుచున్నాను. నిండు పడవకు పదునాలుగు నిమిషములు. ఖాళీ పడవకు పదునాలుగు నిమిషములు. గడియారము మీద అనుమానము వచ్చి ఆ వారములోనే మరి రెండుసార్లు చూచినాను. అర నిమిషము తేడా కూడా రాలేదు.

పాప చెప్పినది నిజము. ఇరవై ఏండ్లు నిండు పడవలవారు నా అక్షరములవల్ల ఈ లాకులో రెండింతలసేపు నిలబడినారు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. పాపకు రేపు చెప్పుదామనుకొన్నాను. ఆ రేపు మే నెలవరకు రాలేదు.

నెల్లూరు పాఠశాలలో భోజనము, వసతితో ఉచిత సీటు ఒక్కటే ఉన్నది. అది పదకొండేండ్లు నిండని బాలికలకే ఇస్తారు. కరుణకు వచ్చే మార్చిలో పదకొండు నిండుతవి. అనగా ఈ ఏడాది తప్పితే మళ్ళీ లేదు. మే ఇరవైన పాపను తీసుకొని పోయినాను. వ్రాత పరీక్షలో లెక్కలకు నూటికి నూరు వచ్చినవి. తరువాత ప్రధానోపాధ్యాయిని పరంజ్యోతి గారు తన గదిలో నోటి ప్రశ్నలు అడిగినారు. నన్ను కూడా వెనుక బెంచిమీద కూర్చుండమన్నారు. ఆమె నలభై ఏండ్ల మనిషి, అద్దాలు పెట్టుకొంటారు, మాట మెల్లగా ఉంటుంది.

"మీ నాయన లాకు చూస్తారు గదా. ఆ లాకు గురించి నీవు కనిపెట్టిన సంగతి ఒకటి చెప్పమ్మా" అన్నారు.

పాప వెనుదిరిగి నా వంక చూచినది. తరువాత అటు తిరిగి, "నిండు పడవకు నీళ్ళు తక్కువ పడతాయండీ" అన్నది.

పరంజ్యోతి గారు అద్దాలు తీసి చేతిలో పట్టుకొన్నారు. "తొందర లేదు. బాగా ఆలోచించుకొని చెప్పు. పడవ మునిగి ఉందా, తేలుతూ ఉందా?"

"నిండు పడవకు నీళ్ళు తక్కువండీ. మా నాయన చెప్పినారు."

ఆమె నన్ను చూచి, "మీరు అట్లాగే చెప్పినారా?" అని అడిగినారు.

నాయనా క్రీస్తుదాసూ, ఆ గదిలో నిజము తెలిసినవారము ముగ్గురము. నేను లేచి నిలుచుండి, "అవునండీ, నేను చెప్పినదే" అన్నాను. నా ఎదుట చదువుకొన్న స్త్రీ ఒకరు కూర్చుండి ఉన్నారు. నా చొక్కా జేబులో నా ఎనిమిదవ తరగతి సర్టిఫికేటు ఉన్నది. ఎవరూ చూపమనకపోయినా దానిని తీసుకొని పోయినాను.

వారము తరువాత జాబు వచ్చినది. బాలిక చురుకైనదే గాని ఇంట్లో నేర్పినది అప్పజెప్పుటకు అలవాటుపడినది, స్వయముగా ఆలోచించుటకు వెనుకాడుచున్నది, ఈ సీటు మరొకరికి ఇవ్వదలచినాము అని అందులో ఉన్నది. మీ అమ్మ అడిగితే, పెద్దవారి పిల్లలకు ఇచ్చుకొన్నారు, మనవంటివారికి ఎందుకు ఇస్తారు అన్నాను. మీ అమ్మ నమ్మినది. ఆ ఆదివారము ప్రార్థన కూటములో ఆ బడి వాళ్ళ మనసు మార్చమని అందరి ముందర మొరపెట్టినది. ఆమె పక్కనే కరుణ మోకరించి ఉన్నది. వెనుక వరుసలో నేను ఉన్నాను. నా జీవితములో అంత పొడుగు ప్రార్థన విన్నట్లు జ్ఞాపకము లేదు.

అప్పటినుండి పాప పలక ముట్టలేదు. గంట కొడితే వచ్చి నిలుచుంటుంది, చెప్పినది వింటుంది, పోతుంది. కంపాసు పెట్టె మూత తెరవలేదు. పోలేరయ్య పోటు వేళ అడిగితే, "నాకు తెలీదు మామా, మా నాయనను అడుగు" అన్నదట. అతడు వచ్చి నాతో చెప్పినాడు. ఈసారి నవ్వలేదు.

మీ అమ్మ నన్ను ఎప్పుడూ మీరు అనే అంటుంది. ఒకనాడు మధ్యాహ్నము అన్నము పెట్టి, ఎదుట కూర్చుండి, "ఏమి చేసినావు నువ్వు నా బిడ్డను?" అన్నది. నేను ముద్ద కలుపుతూ, చెప్పినాను గదా, సీటు రాలేదని బెంగ పెట్టుకొన్నది అన్నాను. మీ అమ్మ నా ముఖమువంక చూచి, లేచి పోయి గిన్నెలు తోమినది. ఆ చప్పుడు మీ అమ్మ మాటలకంటె ఎక్కువ సేపు సాగినది.

జూన్ పదవ తేదీన, శనివారము, లాకు ఖాళీగా ఉన్నది. పాప గట్టుమీద కాళ్ళు వ్రేలాడవేసుకొని కూర్చున్నది. నేను పోయి పక్కన కూర్చున్నాను. నేను అట్లు కూర్చుండుట ఆమెకు కొత్త. కొంచెము జరిగి చోటు ఇచ్చినది.

"నేను నీకు ఒక లెక్క తప్పు చెప్పినాను తల్లీ" అన్నాను.

"తెలుసు నాయనా. మీరు గడియారం పెట్టి చూసినారు గదా. మూడుసార్లు చూసినారు. నేను కచ్చేరి కిటికీలోంచి చూసినా."

"మరి తెలిసి కూడా ఆ అమ్మగారి దగ్గర అట్లా ఎందుకు చెప్పినావు?" అని అడిగినాను.

పాప నీళ్ళవంకనే చూస్తూ చెప్పినది. "మీరు లేసి, కాదు తల్లీ, నువ్వన్నదే నిజం అంటారనుకున్నా. రెండుసార్లు చెప్పినా నాయనా. మీరు అంటారని."

ఈ వాక్యమును నేను పాప చెప్పినట్లే వ్రాసినాను. ఒక్క మాట మార్చలేదు.

సోమవారము మొదటి బస్సుకు నెల్లూరు పోయినాను. పరంజ్యోతి గారి గదిలో కూర్చుండమంటే కూర్చుండలేదు. నిలుచుండియే, రాత్రి బడినుండి గడియారమువరకు అంతా చెప్పినాను. తప్పు నాది, తెలిసిన తరువాత దాచినది నేను, పాప నా మాట నిలబెట్టుటకు తన మాట మింగినది అన్నాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ముగించిన తరువాత, సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని, శుక్రవారము మళ్ళీ పరీక్ష పెడతానని చెప్పి, "అయితే మీరు గదిలో ఉండకూడదు. వరండాలో కూడా వద్దు. ప్రహరీ బయట ఉండండి" అన్నారు. ఆమె గొంతులో కోపము లేదు. ఇరవై ఏండ్లకు ముందైతే ఆ మాటకు నేను తిరిగి వచ్చివేసేవాడిని. ఇరవై ఏండ్లెందుకు, నెలకు ముందైనా వచ్చివేసేవాడిని.

ఇంటికి వచ్చి మీ అమ్మకు కూడా అంతా చెప్పినాను. నేను కల్పించిన అబద్ధము సంగతి చెప్పినప్పుడు ఆమె తల పట్టుకొన్నది. "దేవుడి ముందర నా చేత అబద్ధం ఆడించినావే" అన్నది. తరువాత కొంతసేపటికి, "పోనీలే, అయ్యవారికి ఇప్పటికైనా పాఠం వచ్చింది" అని, నాకు పెరుగన్నము పెట్టినది. ఆ సాయంకాలమే కచ్చేరి గోడమీది అక్షరములను నేనే గీకివేసినాను. పోలేరయ్య చూచి, "ఏంది సామీ, మా ఎక్కం చెరిపేస్తుండారు?" అన్నాడు. తప్పు ఎక్కము అన్నాను. "అయితే ఇంక మాకూ రెండు తూములా?" అన్నాడు. అవునన్నాను. "ఇన్నాళ్ళూ ఈ లాకులో పడవను నిలిపి సంగటి వండుకొని తిని పోయేవాళ్ళం. ఇంక అది గూడా కుదరదు" అని నన్ను నవ్వించుటకు ప్రయత్నించినాడు. అతని మంచితనము నన్ను మరింత బాధించినది.

శుక్రవారము పాప లోపలికి పోయినది. నేను ప్రహరీ బయట, రోడ్డు అవతల, సోడాబండి నీడలో రెండు గంటలు నిలుచున్నాను. పాప నా వంక చూచుటకు అక్కడినుండి వీలు లేదు. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖములో ఏమున్నదో పోల్చుకొనలేకపోయినాను. బస్సు స్టాండువైపు నడచినాము.

"ఏమి అడిగినారో మీరు అడగరా నాయనా?" అన్నది.

"అడగను" అన్నాను.

పాప అట్లే కొంత దూరము నడచి, నా వ్రేలు పట్టుకొన్నది. అంతే. ఏ ప్రశ్నలు అడిగినారో, ఏ జవాబులు చెప్పినదో ఈనాటివరకు నాకు తెలియదు.

మొన్న, గురువారము, జాబు వచ్చినది. సీటు ఇచ్చినారు. ఒక తరగతి దాటించి రెండవ ఫారములో, అనగా ఏడవ తరగతిలో, కూర్చుండబెడతామని వ్రాసినారు. సోమవారము తీసుకొని పోయి దించి రావలెను. మీ అమ్మ ట్రంకు పెట్టెమీద పాప పేరు వ్రాయించినది. కంపాసు పెట్టె ఏ మూల పెట్టవలెనో పాప మూడుసార్లు మార్చినది. ఇది నీ నాలుగవ ప్రశ్నకు జవాబు.

ఈ జాబు ఇక్కడ ముగించవచ్చును. నిన్న మధ్యాహ్నము ఇంతవరకు వ్రాసి ముగించినాను కూడా. మీ అమ్మ వాకిట చేపలు ఆరబెడుతూ, "పెద్దోడికి అంతా రాసినారా?" అని అడిగినది. మళ్ళీ మీరు అన్నది. అంతా వ్రాసినానన్నాను. "వాడి సంగతి గూడానా?" అన్నది. వాడి సంగతి ఏమున్నది అన్నాను. మీ అమ్మ చేతిలోని చేపను పక్కన పెట్టి, నన్ను చూచినది. "మరిచిపోయినట్టు చెయ్యబాకండి" అన్నది.

మరచిపోలేదు. 1948లో నీకు పదకొండేండ్లు. ఉప్పు పడవలు వరుసగా నిలిచి ఉన్నవి. గట్టుమీద పదిమంది ఉన్నారు. నీవు ఆ గోడమీది అక్షరములు చదివి, "నాయనా, పడవ తేలతా ఉండాది గదా, అట్టాగయితే" అన్నావు. నేను నీ చెంపమీద కొట్టినాను. నీవు కాలువలో పడబోయినావు. ఒక సరంగు నీ చొక్కా పట్టుకొని ఆపినాడు. అప్పటినుండి నీవు నన్ను ఏమీ అడగలేదు. ఏడవ తరగతిలో లెక్కలు తప్పినావు. ఎనిమిదిలో చదువు మానినావు. వాడికి చదువుమీద శ్రద్ధ లేదని నేను పదిమందితోను అన్నాను. నీతో కూడా అన్నాను. కరుణ జనవరిలో ఆ మాట అన్నప్పుడు నాకు అంత కోపము ఎందుకు వచ్చినదో ఇప్పుడు తెలుసుకొన్నాను. అది నేను రెండవసారి వింటున్న మాట. మొదట చెప్పినది నీవు.

నీవు ఆ గీత ఎందుకు గీచినావో కూడా నాకు తెలిసినది. చెల్లెలి గురించి మాత్రమే అడిగినట్లు వ్రాసినావు. నీ మర్యాద అది.

నీకు ఇరవై నాలుగేండ్లు. ప్రైవేటుగా మెట్రికు పరీక్షకు కట్టుటకు వయసు మించలేదు. కట్టుమని ఆజ్ఞాపించుట లేదు. నేర్పుటకు నేను రాను. అక్కడ నీ వర్కుషాపులో తెలిసినవారిని అడుగు.

ఒక్కటి మాత్రము అడుగుతున్నాను. ఆనాడు నీవు "అట్టాగయితే" అన్నావు. తరువాతి మాట నా చేతివలన ఆగిపోయినది. మరచిపోయి ఉంటే, మరచిపోయినానని వ్రాయి. మరువకపోతే ఆ వాక్యము ముగించి పంపు. నేను దిద్దను.

ఇట్లు,
నీ నాయన
యెహోషువ